పదును ఆరకముందే

లింగవ్వ గడప బయటే నిలబడి కొంగు చాపింది. చాపిన తర్వాత ఏం మాట్లాడాలో తోచక దాన్ని మళ్లీ మడిచి చేతిలో పట్టుకుంది.

"పిడికెడంటే పిడికెడే అవ్వా. పోరి రెండు దినాల సంది కండ్లు తెరుస్తలేదు. జర గట్క కాసి పోస్త."

లోపల పెద్దవ్వ గుమ్మికి వీపు ఆనించి కూర్చుంది. ఆమె ఒళ్లో వేపరెమ్మ ఉంది. ఒక్కొక్క ఆకునూ గిల్లి పక్కన పెడుతోంది. గుమ్మి మనిషెత్తు ఉంటుంది. వెదురుతో అల్లి, లోపలా బయటా ఎర్రమన్నూ పేడా కలిపి మెత్తినది. మూతి మీద మట్టిమూత. కింద మోకాలెత్తున గింజలు తీసే చిన్న కంత ఉంది. దానికి పేలిక కుక్కి, పైన మళ్లీ మన్ను మెత్తారు. వాడలో ఉన్న తొమ్మిది ఇండ్ల పచ్చజొన్న విత్తనమంతా అందులోనే ఉంది.

"అది తినే గింజ గాదు, లింగవ్వా."

"నాకు ఎర్కలేదా?"

"ఎర్కుండి గుడ అడిగినవంటే పోరికి బాగలేనట్టే." పెద్దవ్వ చెయ్యి చాపి, గోడవారన ఉన్న ముంతను గడప దిక్కు నెట్టింది. "గిది తీస్కపో. అంబలి. పొద్దుగాల మా కోడలు కాసింది. నాకు నోటికి పోతలేదు."

పొయ్యి దగ్గర కూర్చున్న గంగామణి తల ఎత్తి అత్తను చూసింది. అత్తకు నోటికి పోకపోవడం ఇది మూడో రోజు. మూడు రోజులూ ముంత లింగవ్వ ఇంటికే పోయింది. మొదటి రోజు గంగామణి నమ్మింది. రెండో రోజు, అత్త అంబలి వాసన వస్తుంటే గోడవైపు తిరిగి పడుకోవడం చూసింది. ఈ రోజు ఏమీ అనలేదు. అనాలంటే తన వాటా ఇవ్వాలి. తన వాటా తాగేసింది.

లింగవ్వ వంగి ముంత తీసుకుంది. దాన్ని కొంగుతో కప్పుకుని వెళ్లిపోయింది. ఎదురింటి అరుగు మీద సిద్దిరాములు పలుపుతాడు పేనుతున్నాడు. వాడకు కులపెద్ద. ఆ అరుగు ముందుకు రాగానే లింగవ్వ మెడ అవతలికి తిప్పుకుంది.

"నాలుగేండ్లాయె. ఇంకా కోపం పోలే," అంది పెద్దవ్వ.

"ఎట్ల పోతదత్తా? వాన పడ్డ తెల్లారే వాళ్లత్త పోయింది. మైల ఇల్లు, పదకొండు దినాలు ఇత్తే గొర్రు ముట్టొద్దని సిద్దిరాములు బాపు జెప్పె. పదకొండో దినానికి చెలక పెంకయింది. ఆ ఏడే చంకల పిల్లగాడు పాయె."

పెద్దవ్వ వేపాకును గోటితో చీల్చింది. "మైలపడ్డ ఇంటి గింజ మొలవదని నాకు మా అత్త జెప్పింది. సిద్దిరాములుకు వాళ్ల నాయిన జెప్పిండు. నిజమో అబద్ధమో ఎవలన్న ఇత్తి చూసిండ్రా?"

ఆ మాట అన్నందుకు తనే భయపడినట్టు, పెద్దవ్వ చేతిని వెనక్కి చాపి గుమ్మిని ఒకసారి తాకింది.

మిరుగు కార్తెలో పడిన చినుకులకు ఆశపడి అందరూ ఒకసారి విత్తారు. మొలకలు రెండాకులు వేసి మాడిపోయాయి. ఆరుద్ర అట్లాగే పోయింది. దాని వెనకే వచ్చిన పెద్దపుసాల కార్తెలో గాలి తప్ప ఏమీ రాలేదు, ఇప్పుడు చిన్నపుసాల నడుస్తోంది. తాడ్వాయి నుంచి ఎల్లారెడ్డికి పోయే బండ్లబాట పక్కన కంకర కొట్టే పని పెట్టారంటే వాడలో సగంమంది సుత్తెలు పట్టుకుని పోయారు. గంగామణి పెనిమిటి సీతారాం, లింగవ్వ పెనిమిటి మైసన్న కలిసి నస్రుల్లాబాదు దిక్కు, కాలువ కింద నాట్లకు పోయారు. అక్కడ నీళ్లున్నాయి. ఇక్కడ బాయిలో బొక్కెన వేస్తే బురద వస్తున్నది.

"యాడనో లడాయి అయితున్నదట," అన్నాడు పర్శరాములు ఆ పగలు, బాయి గడ్డ మీద కూర్చుని. "కామారెడ్డి గంజి బజార్ల జొన్నలు కండ్లకు గుడ కనిపిస్తలేవు. ఉన్నయన్ని సిపాయిలకు పోతున్నయట. మనం గుడ పోయి లడాయిల చేరుదాం, తిండన్న పెడ్తరు."

"నిన్ను జూస్తే దుష్మన్లు నవ్వి సస్తరు," అంది హన్మవ్వ, బొక్కెన కోసం కాచుకుని. "అప్పుడు లడాయే ఉండది."

ఎవరో నవ్వారు. నవ్వు మధ్యలోనే ఆగింది. దక్షిణాన గుట్ట మీద ఎండ ఆరిపోయింది.

మొదట గాలి వచ్చింది. ఇన్నాళ్లూ వచ్చిన గాలిలాంటిదే అనుకున్నారు. తర్వాత మన్ను వాసన వచ్చింది. హన్మవ్వ కడవను కింద పెట్టి కొంగు తల మీద వేసుకుంది, తడవకుండా ఉండడానికి కాదు, కన్నీళ్లు ఎవరూ చూడకుండా. చినుకులు పెద్దవిగా, దూరం దూరంగా పడ్డాయి. దగ్గరగా పడ్డాయి. ఆ పైన లెక్కలేదు. పర్శరాములు తలపాగా విప్పి నేల మీద పరిచి, తడిసిన తర్వాత నోట్లో పిండుకున్నాడు.

పొద్దుమూకే ముందు వాన నిలిచింది. సిద్దిరాములు చెలకలోకి పోయి, మోకాళ్ల మీద కూర్చుని, చేతిని మన్నులోకి దించాడు. మణికట్టు దాకా దిగింది. తీసి, పిడికిట్లో మన్ను పిసికి ముద్ద చేశాడు. ముద్దను భుజమెత్తు నుంచి నేల మీదికి వదిలాడు. పగిలి విడిపోయింది గాని చెదరలేదు.

"జానెడు దిగింది. రేపు పొద్దుమూకేదాక ఇత్తే పదునుంటది. ఎల్లుండి ఎండ కొడ్తే మళ్ల పెంకే. చిన్నపుసాల దాటినంక ఇత్తినా గడ్డే గాని కంకి రాదు."

వాడలో ఒక్క జత ఎడ్లే మిగిలాయి, సిద్దిరాములువి. తక్కినవాళ్లవి అంగడికి పోయాయి, కొన్ని కొట్టాలలోనే పోయాయి. తొమ్మిది చెలకలు ఉన్నాయి, ఒక్క పగలు ఉంది. ఎడ్లు లేనిచోట గొర్రు మనుషులే గుంజాలని అనుకున్నారు. ఎవరూ దాన్ని వింతగా అనుకోలేదు.

విత్తనం మాత్రం పొద్దున్నే పెద్దవ్వ చేతి నుంచే తీసుకోవాలి. గుమ్మి కాసే మనిషి మొదటి పిడికెడు గింజలు తన చేత్తో ఒడిలో పోస్తేనే ఎవరి గంప అయినా నిండుతుంది. వాడలో అది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి.

ఆ సాయంత్రం పెద్దవ్వ తనే కంత తెరుస్తానంది. కొడవలి కొసతో మన్ను గీకబోయింది. చెయ్యి పైకి లేవలేదు. గంగామణి కొడవలి తీసుకుని మన్ను ఊడగొట్టి, పేలిక లాగింది. బూడిద, వేపాకు, పాత జొన్న కలిసిన వాసన ఇంట్లోకి వచ్చింది. పెద్దవ్వ అరచేతిలో నాలుగు గింజలు పడ్డాయి. ఒకటి పంటి కింద పెట్టుకుంది. కటుక్కుమన్నది. ఆ చప్పుడుకు ఆమె ముఖం మీద ముడతలు కొంచెం విడిపోయాయి.

"మంచిగున్నయి. పురుగు పట్టలే." కొరికిన గింజను కూడా మింగలేదు. తీసి, తక్కిన మూడింటితో కలిపి కంతలో వేసింది. "నన్ను గీడనే పండబెట్టు. పొద్దుగాల లేపి కూసోబెట్టు. చెయ్యి నేనే పెడ్త."

గంగామణి ఆమెను గుమ్మి పక్కన పడుకోబెట్టి గొంగడి కప్పింది. తేలికగా ఉంది, ఖాళీ గంపలాగా.

కోడి కూశాక గంగామణి లేచి అత్త భుజం మీద చెయ్యి వేసింది. "అత్తా, లేస్తవా? అందరొస్తరు." భుజం చల్లగా ఉంది. గొంగడి కింద మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని ఉన్నాయి. ఒక చెయ్యి గుమ్మి కంత మీద ఉంది, గింజలు కారిపోకుండా మూసినట్టు.

ఏడుపు వినపడకుండా గంగామణి కొంగు నోట్లో కుక్కుకుంది. బయట, వాకిట్లో, గంపలు దించుతున్న చప్పుడు. ఎవరో దగ్గారు. ఎవరో "ఇంకా తలుపు తియ్యలేదా?" అన్నారు. ఇప్పుడు తను నోరు తెరిస్తే ఇది మైల ఇల్లు. మైలపడ్డ ఇంట్లోని ఈ గుమ్మిని పదకొండు రోజులు ఎవరూ ముట్టరు. కళ్లముందున్న పదును రేపటికి ఉండదు. కామారెడ్డి గంజి బజారులో కొందామన్నా గింజలు లేవు. నోరు తెరవకపోతే, తొమ్మిది ఇండ్లకు తెలియకుండా మైల గింజ పంచిన పాపం తనది.

తలుపు తోసుకుని లింగవ్వ లోపలికి వచ్చింది. నిన్న గడప దాటని మనిషి ఇవాళ అడగకుండానే వచ్చింది. పొద్దున్నే అత్తాకోడండ్ల గొంతు వినపడకపోతే అనుమానం వచ్చినట్టుంది. చేతిలో ఖాళీ ముంత ఉంది, తోమి తెచ్చింది. ముంతను నేల మీద పెట్టి గొంగడిని చూసింది. గంగామణి నోట్లో ఉన్న కొంగును చూసింది.

"ఎప్పుడు?"

"తెల్వదక్కా. నేను లేసేటాళ్లకే..."

లింగవ్వ పెద్దవ్వ కాళ్ల దగ్గర కూలబడింది. గొంగడి అంచును సరిచేసింది.

"మూడు దినాలు ఈమె అంబలి నా పోరి తాగింది," అంది. తర్వాత గొంతు మారింది. "మా అత్త గుడ గిట్లనే పోయింది. వాన పడ్డ తెల్లారే. పిలువు గంగామణీ, సిద్దిరాములును పిలువు. ఆయననే జెప్పనియ్యి. నాకొక్కదానికే జెప్పిండు గదా, ఇయ్యాల తొమ్మిది ఇండ్లకు జెప్పనియ్యి, పదకొండు దినాలు కూసోండ్రని."

"మెల్లగ అక్కా, ఇంటరు."

"ఇననియ్యి."

పిలవనక్కర లేకపోయింది. సిద్దిరాములు తలుపు దగ్గరే ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో చూడలేదు. ఒక చెయ్యి దర్వాజ మీద ఉంది, గోళ్లలో నిన్నటి మన్ను అట్లాగే ఉంది. అతడు గొంగడిని చూశాడు. కంత మీద ఉన్న చేతిని చూశాడు. తర్వాత చూపు పొయ్యి మీదికి పోయింది. పొయ్యిలో నిన్నటి బూడిద తెల్లగా ఉంది.

పీనుగ ఉన్న ఇంట్లో పొయ్యి ముట్టించరు. ఊళ్లో ఎవరైనా పొద్దున ఇండ్ల కప్పుల వైపు చూసి, పొగ లేని ఇల్లు ఏదో చూసి, అక్కడికి పోతారు. వేరే కబురు అక్కర లేదు.

గంగామణి లేచి నిలబడింది.  "బాపూ..."

"పొయ్యి ఎందుకు ముట్టియ్యలే బిడ్డా?" అన్నాడు సిద్దిరాములు.

ఆమెకు అర్థం కాలేదు.

"ముట్టియ్యి. పెద్దవ్వకు సలిజేసినట్టున్నది. వేడినీళ్లన్న పెట్టు." అతడు గొంగడి వైపు చూడలేదు. "ఇంట్ల మనిషికి పానం బాగలేకుంటే పొయ్యి సల్లగుంచుతరా ఎవలన్న?"

వాకిట్లో గంపల చప్పుడు ఆగింది. 

"బాపూ," అంది లింగవ్వ. నాలుగేండ్లలో అతడితో ఆమె అన్న మొదటి మాట అది. "నాలుగేండ్ల కింద నా పొయ్యి గుడ సల్లగనే ఉండె. నువ్వు జూసినవు. నా గడపల గిట్లనే నిలబడి."

సిద్దిరాములు దర్వాజ మీది చేతిని కిందికి దించాడు. ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు రెండో చేత్తో పట్టుకున్నాడు.

"జూసిన," అన్నాడు. "గీ మాట నాకు ఆనాడు నోటికి రాలే, లింగవ్వా."

ఆమె తల వంచుకుంది. అతడు వాకిలి వైపు తిరిగాడు. ఎనిమిది గంపలు, ఎనిమిది ఇండ్ల మనుషులు. అందరికీ వినపడేట్టు అన్నాడు: "పెద్దవ్వకు పానం బాగలేదు. కోడలు చేత్తో పెడ్తది. ఒక్కొక్కలు రాండ్రి, ఎక్కువసేపు ఉండకండ్రి. నా ఎడ్లు ముందుగాల లింగవ్వ చెలకకు పోతయి. ఆమె చెలక అయినంకనే నాది."

ముందున్నవాళ్లు గంపలు చేతికి తీసుకున్నారు.

లింగవ్వ లేచి, విరిగిన పిడక ముక్క తీసుకుని, బాట దాటి సిద్దిరాములు ఇంట్లోకి పోయింది. నిప్పు తెచ్చింది. గాలికి ఆరిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని, మెల్లగా నడిచి వచ్చింది. పొయ్యిలో పెట్టి, వంగి ఊదింది. కంట్లో నీళ్లు వచ్చాయి. పొగకే వచ్చాయని ఎవరైనా అనుకోవచ్చు. కప్పులోంచి పొగ లేచింది.

గంగామణి అత్త చేతిని కంత మీది నుంచి మెల్లగా తీసి గొంగడి లోపల పెట్టింది. గింజలు తన అరచేతిలోకి జారాయి. మొదటి పిడికెడు లింగవ్వ ఒడిలో పోసింది.

ఒక్కొక్కరే వచ్చారు. హన్మవ్వ గంప నింపుకుని, అలవాటు కొద్దీ పెద్దవ్వ కాళ్లు మొక్కబోయి, సగం వంగి ఆగిపోయింది. వేలు తాకితే చల్లదనం తెలుస్తుంది. తెలిస్తే తెలియనట్టు ఉండడం కష్టం. చేతులు వెనక్కి తీసుకుని, "పోయొస్త అవ్వా, నువ్వు పండుకో," అంది.

పర్శరాములు గుమ్మి దగ్గర నిలబడి ఎప్పటిలాగే నోరు తెరిచాడు. "ఏం పెద్దవ్వా, నేనొస్తే చాలు దొంగోడొచ్చిండని లేస్తుంటివి. ఇయ్యాల గుమ్మంత ఎత్తుకపోతున్న, తిడ్తలేవే?" నవ్వబోయాడు. నవ్వు రాలేదు. గంప తల మీదికి ఎత్తుకుని, గింజ ఒక్కటి కూడా కింద పడకుండా, దర్వాజకు తగలకుండా, పక్కకు తిరిగి బయటికి పోయాడు.

ఎనిమిది మంది. ఎనిమిది మందీ ఆమెతో ఒక్క మాటైనా చెప్పి పోయారు. గంగామణి అందరి ముఖాలూ చూసింది. తెలియనివాళ్లు ఒక్కరూ లేరు.

ఆ పగలు చెలకలలో ఎవరూ పాట పాడలేదు. సిద్దిరాములు ఎడ్లు లింగవ్వ చెలకలో నాలుగు సాళ్లు తిరిగేసరికి కుడిది మోకాళ్ల మీద కూలింది. అతడు కర్ర ఎత్తలేదు. దాని మెడ కింద చెయ్యి పెట్టి లేపి, కాడి నుంచి విప్పి గట్టు మీదికి తోలాడు. దాని చోట తన మెడ పెట్టాడు. అవతల పర్శరాములు ఇద్దరు ఆడవాళ్లతో గొర్రు గుంజుతున్నాడు. తాడు భుజం మీద కోసుకుపోయిన చోట తలపాగా మడిచి పెట్టుకున్నాడు. కాసేపటికి తీసి, పక్కనున్న హన్మవ్వ భుజం మీద పెట్టాడు.

గంగామణి ఇంట్లోనే ఉంది. పొయ్యిలో పుల్ల మీద పుల్ల వేస్తూ కూర్చుంది. కుండలో వండడానికి ఏమీ లేదు, నీళ్లే. మరిగి ఇంకినప్పుడల్లా మళ్లీ పోసింది. అత్త చెవి దగ్గర ఒక ఈగ వాలితే కొంగుతో తోలింది. ఒకసారి మరిచిపోయి, "అత్తా, నీళ్లు కాగినయి," అంది.

పొద్దు వాలాక లింగవ్వ బురద కాళ్లతో వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. "నువ్వు పో. అందరివైనయి. గుమ్మి కాసేటోళ్ల చెలక ఆఖరికి గదా. ఆడ నీ కోసం కాసుకున్నరు."

"పోరి?"

"సిద్దిరాములు పెండ్లాం తీస్కపోయి ఒళ్లె పెట్టుకున్నది. పాలసుక్క తాపిందట. కండ్లు తెరిచింది." లింగవ్వ పుల్ల సరిచేసింది. "పో, పదును పోతది."

గంగామణి తమ వాటా గింజలు గంపకెత్తుకుంది. గుమ్మిని అడుగంటా ఊడ్చకూడదు, ఒక్క పిడికెడైనా మిగలాలి అని అత్త అనేది. కంతలో చెయ్యి పెట్టి చూసింది. అడుగున కొన్ని తగిలాయి. వదిలేసింది.

చెలకలో గొర్రు కాడికి సిద్దిరాములు, పర్శరాములు, మరో ఇద్దరు. గంగామణి గొర్రు వెనక నడుస్తూ జడ్డిగంలో, గొట్టాల మీది కొయ్యగిన్నెలో, గింజలు వదిలింది. వేళ్ల సందుల్లోంచి రెండు మూడు గింజలు చొప్పున జారాలి. ఎక్కువ జారితే మొక్కలు ఒకదాన్నొకటి తింటాయి, తక్కువైతే సాలు పలచబడుతుంది. ఆమెకు అది నేర్పింది అత్తే, వేళ్ల మీద వేళ్లు పెట్టి. సాలు చివర తిరిగినప్పుడల్లా వాడ వైపు చూసింది. తమ కప్పు మీద పొగ సన్నగా, తిన్నగా లేస్తోంది. పొగ ఉన్నంతసేపూ అత్త ఉన్నట్టే. ఆఖరి సాలు దగ్గర ఆమె కాళ్లు ఆగిపోయాయి.

"నడువు బిడ్డా," అన్నాడు సిద్దిరాములు, మెడ తిప్పకుండా.

నడిచింది. ఆఖరి గింజ జడ్డిగంలో పడింది. ఎవరో ముళ్లకంప లాక్కొచ్చి సాళ్ల మీద మన్ను కప్పారు.

వెలుగు ఇంకా ఉండగానే అందరూ వాడలోకి వచ్చారు. ఎవరి ఇంటికి వాళ్లు పోలేదు. పెద్దవ్వ వాకిట్లో, అరుగుల మీద, గోడల వారన కూర్చున్నారు. ఎవరూ కాళ్లు కడుక్కోలేదు. సిద్దిరాములు గడప ముందు నిలబడ్డాడు. మెడ వెనక తోలు లేచిపోయి ఎర్రగా ఉంది.

"అన్ని చెలకలైనయి పెద్దవ్వా," అన్నాడు లోపలికి. తర్వాత గంగామణి వైపు చూసి తల ఊపాడు.

గంగామణి పొయ్యి దగ్గర కూర్చుంది. మండుతున్న పుల్లలను ఒక్కొక్కటే బయటికి లాగింది. కుండలోని నీళ్లను వాటి మీద పోసింది. బుస్సుమన్నది. ఇల్లంతా ఆవిరి నిండింది. కప్పు మీద పొగ ఒక్కసారి దట్టంగా లేచి, పలచబడి, ఆగిపోయింది.

వాకిట్లో అందరూ పైకి చూశారు.

మొదట ఏడ్చింది లింగవ్వ. రొమ్ము చరుచుకుని, నేల మీద పడి, గొంతెత్తి ఏడ్చింది. పెద్దవ్వ పేరు పెట్టి ఏడ్చింది. తర్వాత నాలుగేండ్ల కింద పోయిన తన అత్త పేరు పెట్టి, చంకలో పోయిన పిల్లవాడి పేరు పెట్టి ఏడ్చింది. సిద్దిరాములు తలపాగా తీసి చేతిలో పట్టుకుని, ఆ మూడు పేర్లూ తల వంచుకుని విన్నాడు. పొద్దున్నే తెలిసినవాళ్లంతా అప్పుడే కబురు విన్నట్టు లేచి పరుగెత్తుకొచ్చారు. వాళ్ల ఏడుపులో నటన లేదు.

గంగామణికి ఏడుపు ఆలస్యంగా వచ్చింది. వచ్చేముందు, కంతలో చెయ్యి పెట్టి అడుగున మిగిలినవి ఊడ్చింది. పిడికెడే ఉన్నాయి. ఇప్పుడిది మైల ఇల్లు, ఈ గింజ ఇక భూమిలో పడదు. ఆమె లింగవ్వ పక్కన కూర్చుని, తడి మన్ను అంటిన ఆమె కొంగు చివర లాక్కుని, గింజలు పోసి, ముడి వేసింది.

"గిది తినే గింజ అక్కా," అంది. "పోరికి కాసిపొయ్యి."